రాత్రంతా కళల నడక: కోట నుంచి మూడు లాంతర్ల దాకా (విజయనగరం) – ఏర్పాట్ల మీద చర్చ (ఒక్కో మాట పైన ఉన్నది రాసినవాళ్ల మారుపేరు)

అయ్యకోనేరు గట్టు

భోగికి ముందొచ్చే శనివారం, పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా కోట, గంటస్తంభం, మూడు లాంతర్ల కూడలి మధ్య కళల నడక పెట్టాలని ఇక్కడి కుర్రాళ్ల ఆలోచన. టికెట్టు లేదు, పెద్ద వేదిక లేదు, ఉపన్యాసాలు అసలే లేవు. జనం నడుస్తారు, దారిలో ఒక్కోచోట ఒక్కోటి చూస్తారు. పారిస్‌లో 2002 నుంచి, టొరంటోలో 2006 నుంచి జరుగుతున్న ‘న్యుయి బ్లాంష్’ పద్ధతి.

దొరికేవి: 10,000 ల్యూమెన్ల (ల్యూమెన్ అంటే వెలుగు కొలత) లేజర్ ప్రొజెక్టరు ఒకటి, 5,000ది ఒకటి, 15 కేవీఏ జనరేటరు, తప్పెటగుళ్లు (గుండెకి తప్పెట కట్టుకుని గెంతుతూ పాడే ఆట) రెండు జట్లు, జముకుల కథ (జముకు వాయిస్తూ చెప్పే కథ) ఒక జట్టు, తోలుబొమ్మలాట ఒక జట్టు. మూడు వేల మంది వస్తారని అంచనా. ఎక్కడ బెడిసికొడుతుందో ముందే చెప్పండి.

మూడు లాంతర్లు

ఏటి బాబూ, రాత్రంతా కళలంటే పారిస్ దాకా ఎల్లాలా? విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర, ముందురోజు సోమవారం తొలేళ్లు. ఆ రాత్రి ఊరు నిద్రపోదు. అమ్మవారి గుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరిగే దారే మీరు చెప్తున్న దారి. పాలధార, అంజలిరథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల – ఇవన్నీ రోడ్డు మీద నడిచే కళ కాకపోతే మరేటి? కొత్తగా ఒక రాత్రి కనిపెట్టక్కర్లేదు, ఉన్న రాత్రికి నాలుగు దీపాలు పెట్టండి చాలు.

ఒంటారియో చలి

మూడు లాంతర్లు గారి మాటలో సగం నిజం. ఆ ఫ్రెంచి పేరుకి అర్థం నిద్రలేని రాత్రి, అంటే మన జాగారమే. పారిస్ కన్నా ముందే 1989లో హెల్సింకీలో ఇలాంటి కళల రాత్రి మొదలైంది. 1990 నుంచి 1995 దాకా ఫ్రాన్సులోనే నాంత్ ఊళ్లో ఏడాదికి ఆరు రాత్రుల చొప్పున, సాయంత్రం ఆరు నుంచి పొద్దున్న ఆరు దాకా నడిపారు.

తేడా ఒక్కటి ఉంది. తొలేళ్లలో జనం ఒక్కచోటికి చేరతారు, అందరి చూపూ అమ్మవారి మీద. కళల నడకలో జనం చెదిరిపోవాలి. పది చోట్ల పది పనులు, ఎవరు ఎక్కడ మొదలుపెట్టినా ఫర్వాలేదు. ఈ రెండూ ఒకే రాత్రి పెడితే రెండోది కనిపించదు, మొదటిదానికి అడ్డు.

ఇంకోటి. రోజూ తాళం వేసి ఉండే చోట్లు ఆ ఒక్క రాత్రి తెరవడమే ఈ పద్ధతికి ప్రాణం. పారిస్‌లో ఈతకొలనులు, చర్చిలు అలాగే తెరుస్తారు. మన ఊళ్లో పగలు అందరూ చూసే చోట దీపం పెడితే అది అలంకరణ. సంగీత కళాశాల ప్రాంగణమో, గురజాడ ఇల్లో అర్ధరాత్రి రెండింటికి తెరిచి ఉంటే అది కార్యక్రమం.

రూలు పుస్తకం

తేదీ సంగతి తేల్చుకుని ముందుకెళ్లండి. అక్టోబరు ఈ తీరానికి తుఫాన్ల నెల. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. అద్దె సామాను బయట పెట్టి చేసే పనికి ఆ నెల నమ్మకూడదు. శివరాత్రి పేరుకి బాగుంటుంది, వాతావరణమూ పొడిగా ఉంటుంది గానీ, ఆ రాత్రి పోలీసులూ ఆర్టీసీ బస్సులూ పుణ్యగిరికీ రామతీర్థానికీ పోతాయి. తర్వాత పరీక్షల కాలం. కాబట్టి జనవరే.

ఇక చప్పుడు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. ఆ వేళ మైకు బంద్. సాంస్కృతిక, మత ఉత్సవాలకి 10 నుంచి 12 దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, ఏడాదికి 15 రోజులు మించకుండా. మీ శనివారం ఆ రోజుల్లో పడుతుందో లేదో కలెక్టరాఫీసులో ముందే రాతపూర్వకంగా అడగండి. 12 దాటాక ఎవరూ ఇవ్వలేరు. కోటలో మాన్సాస్ ట్రస్టు కళాశాలలు ఉన్నాయి కాబట్టి నిశ్శబ్ద మండలంగా ప్రకటన ఉందేమో కూడా చూసుకోండి. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల లెక్క అది.

జముకు

మైకు లేకపోతే పోనీండి. జముకుల కథకీ తప్పెటగుళ్లకీ మైకు ఎప్పుడుంది? పన్నెండు తర్వాత మైకు తీసేసి వాయిద్యాలు మాత్రం నడిపితే సరిపోదా?

రూలు పుస్తకం

సరిపోదు. అందరూ పొరపడేది ఇక్కడే. 2010 సవరణ తర్వాత ఆ నియమంలో మైకుతో పాటు సంగీత వాయిద్యాలు, చప్పుడు చేసే పరికరాలు కూడా చేరాయి. డప్పైనా, జముకైనా, హార్మోనియమైనా రాత్రి వేళ బయట వాయించకూడదు. మినహాయింపు మూసి ఉన్న హాళ్లకే: ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు లాంటివి, అదీ చప్పుడు లోపలికే పరిమితమైతే.

కాబట్టి రాత్రిని మూడు ముక్కలు చేయండి. పొద్దుగూకి పది దాకా బయట వాయిద్యం. పది నుంచి పన్నెండు దాకా, సడలింపు వస్తే, చిన్న మైకు. పన్నెండు నుంచి తెల్లారేదాకా బయట వెలుగు, బొమ్మ, ముగ్గు మాత్రమే. పాట, వాద్యం హాల్లో తలుపులు మూసుకుని. ఈ అమరిక తప్పనిసరై వచ్చినా, నా ఉద్దేశంలో మంచిదే. రాత్రంతా ఒకే హోరు అయితే మూడింటికి ఎవరూ మిగలరు.

పోలు మీది కరెంటు

చప్పుడు మాట మీద ఒక లెక్క. బహిరంగంగా దూరం రెట్టింపైతే 6 డెసిబెళ్లు తగ్గుతుంది. బాక్సుల ముందు 10 మీటర్ల దగ్గర 85 ఉంటే 100 మీటర్ల దగ్గర ఇంకా 65. నివాస ప్రాంతానికి రాత్రి పరిమితి 45. అంటే అడ్డం ఏమీ లేకపోతే కిలోమీటరు దూరం పోవాలి. ‘కొంచెం తగ్గించి పెడతాం సార్’ అన్న మాటకి అర్థం లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మైకు లేని కథకుడికి మొదటి శత్రువు జనరేటరు. గొంతెత్తి చెప్పే మనిషి మాట మీటరు దూరంలో 75, పది మీటర్లకి 55. మూత ఉన్న మంచి జనరేటరు కూడా మీటరు దగ్గర 75 దాకా ఉండొచ్చని నిబంధన. దాన్ని కథ చెప్పే చోటికి కనీసం 50 మీటర్ల దూరంలో, మధ్యలో గోడో భవనమో ఉండేలా పెట్టండి. పొగ గొట్టం జనం వైపు కాకుండా చూడండి.

మీరు రాసిన జనరేటరు గురించి: 15 కేవీఏ అంటే 0.8 పవర్ ఫ్యాక్టరుతో 12 కిలోవాట్లు. 10,000 ల్యూమెన్ల లేజర్ తినేది కిలోవాటు లోపు, చిన్నది 350 వాట్లు. ఎల్‌ఈడీలు, చిన్న మైకు కలిపినా 3 కిలోవాట్లు దాటదు. డీజిల్ ఇంజను రాత్రంతా పావు లోడు మీద తిరిగితే కాలని ఇంధనం సైలెన్సరులో పేరుకుంటుంది, నల్లపొగ, నూనె చుక్కలు. పెద్దది ఉంటే మంచిదనుకోవడం తప్పు. ఈపీడీసీఎల్ (మన కరెంటు సంస్థ) తాత్కాలిక కనెక్షన్ తీసుకుని, 5 కేవీఏ జనరేటరు స్టాండ్‌బైగా ఉంచండి. కరెంటు పోయి జనరేటరు అందుకునేలోపు పది, పదిహేను సెకన్ల ఖాళీ ఉంటుంది. ప్రొజెక్టరుకీ, వీడియో నడిపే కంప్యూటరుకీ 2 కేవీఏ యూపీఎస్ లేకపోతే ఆ పదిహేను సెకన్లు పది నిమిషాలవుతాయి. అన్నీ మొదట్నుంచీ లేవాలి కదా.

ఒంటారియో చలి

దీనికి పెద్ద ఉదాహరణ రోమ్. 2003 సెప్టెంబరు 27 రాత్రి అక్కడి మొదటి ‘తెల్ల రాత్రి’, ఇలాంటి కళల రాత్రే. తెల్లవారుజామున మూడున్నర ప్రాంతాల దాదాపు ఇటలీ అంతా కరెంటు పోయింది. ఊరంతా రోడ్ల మీదే ఉంది, మెట్రోలో జనం చిక్కుకున్నారు. అందుకని ప్రతి మలుపులో బ్యాటరీ లైటు ఒకటి ఉండాలి, అది కళ కోసం కాదు, దారి కోసం.

అయ్యకోనేరు గట్టు

జనరేటరు సంగతి కళ్లు తెరిపించింది, ధన్యవాదాలు. అనుకున్న చోట్లు ఇవి: 1885 నాటి గంటస్తంభం మీద పెద్ద ప్రొజెక్టరు. కోట గోడ మీద చిన్నది. సాధ్యమేనా?

గోడ మీద బొమ్మ

తిప్పేయండి. పెద్దది కోటకి, చిన్నది ఏదైనా హాలు లోపలికి, గంటస్తంభానికి ప్రొజెక్టరే వద్దు. ఎందుకో చెప్తాను.

ఒక గోడ మీద వెలుగు ఎంతంటే, ల్యూమెన్లని చదరపు మీటర్లతో భాగించాలి. 12 × 7.5 మీటర్ల బొమ్మ 90 చదరపు మీటర్లు. 10,000 ÷ 90 = 111 లక్స్. లెన్సు, దుమ్ము పోను 80 అనుకోండి. వీధి దీపం కింద 10 నుంచి 20 లక్స్ ఉంటుంది. పాత గోడ పడిన వెలుగులో మూడో వంతు కూడా తిప్పి పంపదు, అయితే అది వీధి వెలుగుకీ అంతే కాబట్టి నిష్పత్తి మారదు. ఐదుకి ఒకటి, ఆరుకి ఒకటి తేడా ఉంటే బొమ్మ నిలబడుతుంది. అదే చోట 5,000ది పెడితే మూడుకి ఒకటి, కడిగేసినట్టు ఉంటుంది. ఎదురుగా ఉన్న రెండు వీధి దీపాలు మున్సిపాలిటీ వాళ్లతో ఆపించుకుంటే రెండో ప్రొజెక్టరు కొన్నంత లాభం. వెన్నెల గురించి అందరూ అడుగుతారు: పున్నమి వెన్నెల పావు లక్స్‌కి కాస్త అటూఇటూ, దానివల్ల ఏమీ కాదు. అమావాస్య చూసి తేదీ పెట్టక్కర్లేదు.

దూరం: లెన్సు మీద 1.5 నిష్పత్తి అని ఉంటే, 12 మీటర్ల వెడల్పుకి 18 మీటర్లు వెనక్కి. కోట దగ్గర కందకం, చెట్లు చూసుకుని స్థలం ఎంచండి. స్టాండు నేల నుంచి పది అడుగుల ఎత్తున లేకపోతే నడిచేవాళ్ల తలలన్నీ గోడ మీద కనిపిస్తాయి. పిల్లలకి అదే ఇష్టం, అది వేరే సంగతి.

ఇప్పుడు గంటస్తంభం. అది సన్నగా నిలువు. అడ్డం బొమ్మ వేస్తే వెలుగులో చాలాభాగం పక్కనున్న గాలిలోకి, వెనక కొట్ల మీదకి పోతుంది. ప్రొజెక్టరుని నిలువుగా తిప్పొచ్చు, లేజర్లు చాలావరకు ఒప్పుకుంటాయి, బల్బు ప్రొజెక్టర్లు ఒప్పుకోవు. కానీ 20 మీటర్ల ఎత్తు కావాలంటే అదే లెన్సుతో 30 మీటర్లు వెనక్కి పోవాలి. బజారులో 30 మీటర్ల దారిలో ఎన్ని తీగలు? ప్రతి తీగా స్తంభం మీద నల్ల గీత. పైగా అది ఎనిమిది పలకలు. ఎదురుగా ఉన్న పలక మీద చతురస్రం పక్క పలకల మీద సాగిపోతుంది, దాన్ని సరిచేయడానికి ఒక రాత్రి ముందే అక్కడే కూర్చుని కొలవాలి. రంగు మరో చిక్కు. మీగడ రంగు చోట ఏ బొమ్మైనా పలుకుతుంది, ఎరుపు చోట నీలం, ఆకుపచ్చ వేస్తే మట్టిరంగు. ఇవన్నీ గెలిచినా, ప్రొజెక్టరు నలుపు నిజమైన నలుపు కాదు, బూడిద. స్తంభం చుట్టూ బూడిదరంగు దీర్ఘచతురస్రం కనిపిస్తూనే ఉంటుంది.

దానికి బదులు చుట్టూ కింద నుంచి ఎల్‌ఈడీ పార్ లైట్లు (వేదికల మీద వాడే గుండ్రటి రంగు లైట్లు), పలకకి రెండు, మొత్తం పదహారు. రెండే రంగులు. పావుగంటకోసారి నెమ్మదిగా మారాలి, పెళ్లి పందిరిలా మిణుకుమనకూడదు.

మూడు లాంతర్లు

పెళ్లి పందిరి మాట బాగా చెప్పారు. స్పాన్సరు బ్యానరు సంగతి కూడా రాయండి గురూ. బొమ్మ పక్కన బట్టల కొట్టు ఫ్లెక్సీకి ఫోకస్ లైటు పెడితే మీ లక్స్ లెక్కలన్నీ గోదాట్లో కలుస్తాయి.

గోడ మీద బొమ్మ

నూటికి నూరు. ఒప్పందం రాసేటప్పుడే ‘బొమ్మకి 30 మీటర్ల లోపు వెలిగే బోర్డు ఉండదు’ అని ఒక వాక్యం పెట్టండి. దాతల పేర్లు దారి చూపే కాగితం పటం మీద వేయొచ్చు.

ఇంకో రెండు ముక్కలు. ఆ వారం పొద్దు 5:40 ప్రాంతాల గూకుతుంది, 6:30కి పొడుస్తుంది. గోడ మీద బొమ్మ కనిపించే చీకటి సాయంత్రం 6:05 నుంచి పొద్దున్న 6:05 దాకా, సరిగ్గా పన్నెండు గంటలు. అంత వీడియో అక్కర్లేదు. 8 నిమిషాలది, చివర 2 నిమిషాలు చీకటి. ఆ చీకటిలోనే జనం కదులుతారు. విరామం లేకుండా నడిపితే నిలబడినవాళ్లు నిలబడే ఉంటారు, వెనక గుంపు పెరుగుతుంది. ‘ఎనిమిదింటికి షో’ అని మాత్రం ప్రకటించకండి, అందరూ ఎనిమిదింటికే వస్తారు.

రెండోది మంచు. జనవరిలో రెండు దాటాక మంచు దిగుతుంది. ఏసీ గదిలోంచి తెచ్చిన లెన్సు మీద వెంటనే ఆవిరి పడుతుంది, గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది. ప్రొజెక్టరుని మధ్యాహ్నమే బయట పెట్టి, సాయంత్రం వెలిగించాక తెల్లారేదాకా ఆపకూడదు. తన వేడే దానికి రక్ష. పైన రేకు కప్పు, లెన్సు చుట్టూ జానెడు గొట్టం. ప్లాస్టిక్ కవరు చుట్టేస్తే గాలి ఆడక వేడెక్కి అదే ఆగిపోతుంది.

నాగావళి గట్టు

శ్రీకాకుళం వైపు నుంచి తప్పెటగుళ్ల మాట. ఆట నేల గురించి ఎవరూ అడగరు, అడగాల్సింది అదే. సిమెంటు రోడ్డు మీద ఆడించకండి. గెంతులు, ఒకరి మీద ఒకరు ఎక్కే విన్యాసాలు ఉంటాయి. తారు మీద కంకర రేణువు అరికాలికి గుచ్చుకుంటే పైనున్నవాడు పడతాడు. ముప్పై అడుగుల చదరం మట్టి నేల, ముందురోజు నీళ్లు చల్లి, దిమ్మిస చేసి, చీపురుతో ఊడ్చి ఉంచండి. జనాన్ని తాడుతో ఆరడుగుల దూరంలో ఆపండి.

విడతకి 25 నిమిషాలు మించకూడదు. గుండెకి కట్టుకున్న తప్పెట వాయిస్తూ గెంతుతూ పాడాలి, ఆ శ్రమకి అంతే. రెండు జట్లు ఉన్నాయన్నారు కాబట్టి ఒకరి తర్వాత ఒకరు, మధ్యలో పది నిమిషాలు. ఆరున్నరకి మొదలుపెడితే పదిలోపు ఒక్కో జట్టుకి మూడు విడతలు. తప్పెట చర్మం చల్లబడితే మాట రాదు, ‘బద్’ అంటుంది. పక్కన గడ్డి మంట పెట్టుకోవడానికి చోటు, ఒక బకెట్టు ఇసుక, ఒక బకెట్టు నీళ్లు. హేలోజన్ లైటు దగ్గర కాచుకోమని చెప్పకండి, ఒకవైపే వేడెక్కి చర్మం చీలుతుంది.

భోజనం ఆటకి రెండు గంటల ముందే పెట్టండి. డబ్బు ఆట అయిన వెంటనే చేతికివ్వండి, ‘రేపు ఆఫీసుకి రండి’ వద్దు. వాళ్లకి తెల్లారేదాకా బస్సు ఉండదు, పడుకోవడానికి చాపలు, గది చూడండి.

జముకు

జముకుల కథకి వెనక గోడ ఉండాలి. గోడకి రెండు గజాల ముందు నిలబడితే గొంతు, జముకు రెండూ ముందుకే వస్తాయి. జనం అర్ధచంద్రంలా నేల మీద కూర్చోవాలి, పది వరసలు మించకుండా. నిలబడితే వెనకవాడికి వినిపించదు, వినిపించనివాడు మాట్లాడతాడు, ఇక అంతే. జముకు చప్పుడు మందంగా ఉంటుంది, తప్పెట దాన్ని మింగేస్తుంది. ఈ రెండింటికీ మధ్య 150 మీటర్లన్నా ఉండాలి, లేదా వేళలు వేరు చేయాలి.

పన్నెండు తర్వాత హాల్లోకి మార్చేది తోలుబొమ్మలాటే కావాలి. అది తెల్లవార్లూ ఆడేందుకే పుట్టిన ఆట. ఊళ్లలో రాత్రంతా ఆడటానికి ఒక మామూలు కారణం ఉంది: పొరుగూరి నుంచి వచ్చినవాడు చీకట్లో తిరిగి పోలేడు. మీ నడకకీ అదే లెక్క పనికొస్తుంది. చీపురుపల్లి, గజపతినగరం, ఎస్.కోట నుంచి వచ్చినవాళ్లు రాత్రి బస్సు దాటిపోయిందంటే పొద్దున్న మొదటి బస్సు దాకా ఉంటారు. వాళ్లని కూర్చోబెట్టే చోటే ఆ హాలు.

గోడ మీద బొమ్మ

తోలుబొమ్మల తెర వెనక దీపం మాట నేను చెప్తాను. బొమ్మ తెరకి ఆనించి ఉన్నంతసేపు ఏ దీపమైనా గీత స్పష్టంగానే ఉంటుంది. వెనక్కి లాగినప్పుడు తేడా: ట్యూబులైటు వెడల్పు కాబట్టి అంచు మసకబారుతుంది, చిన్న బల్బైతే నీడ పెద్దదై నిలుస్తుంది. కాబట్టి బల్బులే. చవక ఎల్‌ఈడీలో ఎరుపు తక్కువ, బొమ్మల ఎరుపు, నారింజ చచ్చిపోతాయి. 2700 నుంచి 3000 కెల్విన్ (పసుపు వైపు వెలుగు), సీఆర్‌ఐ (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 పైన ఉన్నవి అడిగి కొనండి. తెర పైఅంచు జనం వైపు కొంచెం వంగి ఉండాలి, బొమ్మ తన బరువుతో తెరకి ఆనుతుంది. బిగువుగా, నిటారుగా కట్టేస్తే ఆడించేవాళ్లకి చేతులు పడిపోతాయి.

తెల్ల ముగ్గు

ఇంతసేపూ ప్రొజెక్టర్లేనా? ధనుర్మాసంలో రాత్రి భోజనాలయ్యాక వీధిలో కూర్చుని వేసే ముగ్గు కన్నా రాత్రి కళ ఏముంది? మూడింటి నుంచి ఐదింటి దాకా, మీకు చప్పుడు చేయడానికి వీల్లేని వేళలో, కోట ముందు రోడ్డంతా ముగ్గేద్దాం. లెక్క నా దగ్గర ఉంది.

వేలెడు మందం కాదు, సెంటీమీటరు వెడల్పు, మిల్లీమీటరు ఎత్తు గీతకి మీటరుకి 10 నుంచి 12 గ్రాముల పిండి. కిలోకి 80 మీటర్లు వస్తుంది. తారు మీద గరుకు సందుల్లోకి పోయేది కలుపుకుంటే 50 అనుకోండి. పదడుగుల చదరంలో మెలికల ముగ్గుకి గీత మొత్తం 60, 70 మీటర్లు. అంటే ముగ్గుకి కిలోన్నర. నలభై ముగ్గులకి 60 కిలోలు, చేజారేదానికి ఇంకో 15. రంగులకి ఇసుక కలిపిన పొడే వాడండి, మెత్తని గులాల్ మంచుకి ముద్దవుతుంది.

రోడ్డు ఊడ్చి, నీళ్లు చల్లి, అరగంట ఆరనివ్వాలి. తడి మీద వేస్తే పిండి పీల్చుకుని గీత బూడిదరంగుకి పోతుంది, పూర్తిగా పొడైతే మొదటి బండి గాలికే లేచిపోతుంది. పిండి డబ్బాలు మూత పెట్టి ఉంచండి, మంచు పడితే వేళ్లకి అంటుకుని జారదు. వెలుగు పక్క నుంచి, మోకాలి ఎత్తులో రావాలి. నెత్తి మీద లైటుంటే వేసేవాళ్ల నీడ వాళ్ల గీత మీదే పడుతుంది.

ఒక్క మాట. పోటీ పెట్టకండి. బహుమతులంటే అందరూ నెమళ్లు, గంగిరెద్దులు రంగులతో నింపుతారు. చుక్కల లెక్క చెప్పి, అందరూ కలిసి ఒకే ముగ్గుని పొడిగించుకుంటూ పోతే రోడ్డు చివర దాకా తెగకుండా వస్తుంది.

నాగావళి గట్టు

అక్కా, బ్రహ్మాండంగా ఉంది. దీని పక్కన సవర గిరిజనుల బొమ్మలు పెట్టాలని ఎవరైనా అంటారు కాబట్టి ముందే చెప్తున్నాను. సవరలు ఇంటి గోడ మీద ఎర్రమట్టి పూసి, తెల్లని పిండితో వేసేది పూజలో భాగం, పెద్దల కోసం, దేవతల కోసం. దాన్ని తెచ్చి రోడ్డు గోడ మీద వేయమనడం మర్యాద కాదు. కళాకారుల్ని పిలిచి, వాళ్లు ఏది వేయొచ్చంటే అది, గుడ్డ మీదో ప్లైవుడ్ పలక మీదో వేయించుకోండి. ఎనిమిది, నాలుగు అడుగుల పలక, ముందురోజే ఎర్ర అడుగు పూసి ఆరి ఉండాలి. రాత్రి మంచులో అడుగు పూస్తే తెల్లారినా ఆరదు. పని అయ్యాక పలక ఎవరిదో ముందే మాట్లాడుకోండి.

తెల్ల ముగ్గు

మగవాళ్లంతా లక్స్, డెసిబెల్ లెక్కలేసుకున్నారు, ఆడవాళ్ల మరుగుదొడ్ల మాట ఎవరూ ఎత్తలేదు. మూడు వేలలో సగం ఆడవాళ్లయితే, 85 మందికి ఒకటి చొప్పున 18 కావాలి. రెండు మొబైల్ వ్యాన్లు తెచ్చి ‘ఏర్పాటు చేశాం’ అంటే పదింటికల్లా ఆడవాళ్లు ఇంటికెళ్లిపోతారు, తర్వాత అది మగవాళ్ల జాతరే. ప్రతిచోటా లైటు, నీళ్లు, లోపల గడియ. దారిలో స్కూళ్లు, కళాశాలలు ఉన్నాయి, వాటి గేట్లు తెరిపించండి, అద్దె వ్యాన్ల కన్నా నయం. తాగే నీళ్లు మనిషికి లీటరు, అంటే 20 లీటర్ల క్యాన్లు 150. చలి కదా అని తగ్గించొద్దు.

రూలు పుస్తకం

గుంపు లెక్క కూడా ఇక్కడే. చదరపు మీటరుకి ఇద్దరు ఉంటే హాయిగా నడుస్తారు. నలుగురైదుగురైతే ఎవరి కాళ్లు వాళ్ల చేతిలో ఉండవు, ప్రమాదం. పది మీటర్ల రోడ్డు వంద మీటర్ల పొడవున రెండు వేల మందిని మోస్తుంది. గంటస్తంభం దగ్గర కొట్ల ముందు బళ్లు ఉంటే సగమే అనుకోండి. కోట నుంచి ఒక దారిన పోయి ఇంకో సందున రావాలి, ఎదురెదురు నడక వద్దు. అంబులెన్సుకి ఒక దారి తెల్లవార్లూ ఖాళీ.

ఒంటారియో చలి

చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం పటం వెనక నాలుగు ముక్కలు వేయండి. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా అన్నిచోట్లా రద్దీ, రెండు నుంచి ఐదు దాకా పల్చన. చప్పుడున్నవి ముందు చూడాలి, ఎందుకంటే పదికి ఆగుతాయి. కోట గోడ ఎప్పుడైనా ఉంటుంది, దాన్ని మూడింటికి చూడమనండి. అన్నీ చూసేయాలనుకుంటే ఏదీ చూడరు. ఐదు చోట్లు ఎంచుకుని, ఒక్కోచోట పావుగంట నిలబడటం మేలు. మెత్తని చెప్పులు, శాలువా, చిన్న టార్చి. ఫోను టార్చి గోడ వైపు కాదు, నేల వైపు.

పోలు మీది కరెంటు

తీగల గురించి రాయడం మరిచాను. వంద మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగి 16 ఆంపియర్లు తీస్తే దారిలోనే దాదాపు 24 వోల్టులు పోతాయి, చివర 206 మిగులుతుంది. ప్రొజెక్టరు ఒక్కటే ఉంటే నాలుగైదు ఆంపియర్లే కాబట్టి ఇబ్బంది లేదు. మధ్యలో టీ కొట్టువాడు ‘అన్నా, ఒక్క ప్లగ్గు’ అని 2 కిలోవాట్ల ఇండక్షన్ పొయ్యి తగిలిస్తాడు చూడండి, అప్పుడు మొదలవుతుంది. 6 చదరపు మిల్లీమీటర్లది వేస్తే అదే 16 ఆంపియర్లకి పది వోల్టులే పోతాయి. టీ కొట్లకి గ్యాసు మాత్రమే అని ముందే షరతు పెట్టండి.

డ్రమ్ముకి చుట్టిన తీగ మొత్తం విప్పాలి. సగం చుట్టలో ఉంచి వాడితే లోపలి వేడి బయటికి పోక తొడుగు కరుగుతుంది. బయట పెట్టే ప్రతి బోర్డుకీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండాలి, జనరేటరుకి విడిగా ఎర్తు రాడ్డు. ప్లగ్గుల జాయింట్లు నేల మీద వదలొద్దు, తెల్ల ముగ్గు గారు రోడ్డు మీద నీళ్లు చల్లే వేళకి అవి ఇటుకల మీద, కవరు కింద ఉండాలి. ఆ వరసకి ముందే స్విచ్ ఆపేసి చల్లడం ఇంకా మంచిది.

అయ్యకోనేరు గట్టు

తెల్ల ముగ్గు గారూ, నీళ్లు చల్లేది రెండున్నరకి అనుకుందామా? అప్పటికి ఆ వైపు లైన్ ఆపితే కోట గోడ ప్రొజెక్టరు కూడా ఆగుతుందేమో.

పోలు మీది కరెంటు

ఆగకూడదు. కోటకి వేరే లైను, రోడ్డు లైట్లకి వేరే లైను, రెండింటికీ విడిగా ఆర్‌సీసీబీ. ఒకే దాని మీద అన్నీ వేస్తే ఎక్కడో ఒక తడి ప్లగ్గుకి ఊరంతా ఆరిపోతుంది.

తెల్ల ముగ్గు

రెండున్నర సరే. మూడింటికల్లా ఆరుతుంది. కానీ ఆ అరగంట రోడ్డు మీదకి ఎవర్నీ రానివ్వకండి, బురద కాళ్ల ముద్రల మీద ముగ్గు నిలవదు.